ఆరేళ్లుగా ఫారోతో: స్టాక్‌తో కోతిపనులు

ఆఫీసులో నా పనంతా పైథాన్‌లో. రాత్రి భోజనాలయ్యాక తెరిచేది మాత్రం ఫారో. ఆరేళ్లుగా ఇదే అలవాటు. స్మాల్‌టాక్ అనే ప్రోగ్రామింగ్ భాషకి ఒక రూపం ఇది, 2008లో స్క్వీక్ అనే ఇంకో రూపం నుంచి చీలివచ్చింది. నన్ను ఇన్నాళ్లు కట్టిపడేసింది ఇందులోని ఒకే ఒక్క మాట: దిస్‌కాంటెక్స్ట్.

ఆ మాట రాస్తే, అప్పుడు నడుస్తున్న మెథడ్ (ఫంక్షన్ లాంటిది) తాలూకు కాంటెక్స్ట్, అంటే అది ఎక్కడిదాకా వచ్చింది, దాని వేరియబుల్స్‌లో ఏముంది అన్న వివరమంతా, మామూలు ఆబ్జెక్ట్‌లా చేతికొస్తుంది. సెండర్ అని అడిగితే దాన్ని పిలిచింది ఎవరో చెబుతుంది, మళ్లీ అడిగితే ఆ పైది. ఈ గొలుసే స్టాక్. పైథాన్‌లోనూ ఇలాంటివే, ఫ్రేమ్‌లు అంటారు, చూడొచ్చు గానీ వాటి వరస మార్చనివ్వదు. ఇక్కడ మార్చొచ్చు. మొదటి వారమే ఒక మెథడ్‌లో 'దిస్‌కాంటెక్స్ట్ సెండర్ రిటర్న్: 42' అని ఒక్క లైను రాసి చూశాను. దాన్ని పిలిచిన మెథడ్‌లో కింద ఇంకా పది లైన్లున్నాయి. అవేవీ నడవకుండా అది 42 ఇచ్చేసి వెనక్కి వెళ్లిపోయింది. మధ్యలో ఉన్న ఎన్‌ష్యూర్ బ్లాకు (ఏం జరిగినా తప్పక నడవాల్సిన కోడ్) మాత్రం బుద్ధిగా నడిచింది. నవ్వొచ్చింది, కొంచెం భయమూ వేసింది. టీమ్‌లో ఎవరైనా ఇలాంటి లైను రాస్తే రివ్యూలో నేనైతే ఒప్పుకోను.

కంటిన్యుయేషన్ (ప్రోగ్రామ్‌ని ఒక చోట గుర్తుపెట్టుకుని, తర్వాత అక్కణ్ణుంచే మళ్లీ నడపడం) కూడా ఇదే సామానుతో కట్టుకోవచ్చు. సెండర్ గొలుసులోని కాంటెక్స్ట్‌లను కాపీ చేసి దాచడం, కావలసినప్పుడు వాటిని తిరిగి పెట్టడం, అంతే. కాపీ తప్పదు. ఒకసారి రిటర్న్ అయిన కాంటెక్స్ట్ పని అయిపోయినట్టే, మళ్లీ అందులోంచి వెళ్దామంటే ఎర్రర్ కొడుతుంది. సీసైడ్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ పేరు తెచ్చుకుంది ఈ కిటుకుతోనే. బ్రౌజర్‌లో బ్యాక్ నొక్కినా, ప్రోగ్రామ్ ఆ పేజీ దగ్గర్నుంచే మళ్లీ అందుకుంటుంది.

దాంతో నేను ఆంబ్ అనే వెతుకులాట సాధనం రాసుకున్నాను. కొన్ని విలువలు ఇస్తాం, షరతు కుదరకపోతే అది వెనక్కి వెళ్లి తర్వాతి విలువ తీసుకుంటుంది. 3, 4, 5 లాంటి పైథాగరస్ త్రయాలు వెతికించాను. ఎన్నిసార్లు వెనక్కి వెళ్తోందో చూద్దామని లెక్కకి ఒక లోకల్ వేరియబుల్ పెట్టాను. ఎంతసేపు నడిచినా అది 1 దగ్గరే ఉంది. వెనక్కి వెళ్లిన ప్రతిసారీ కాంటెక్స్ట్‌తో పాటు అదీ పాత విలువకి వచ్చేస్తోందన్నమాట. సరే, అర్థముంది. కానీ వైల్‌ట్రూ లూపు (షరతు నిజమైనంతసేపు తిరిగేది) తీసేసి డూ (ఒక్కో విలువకీ ఒకసారి తిరిగేది) పెట్టానో లేదో, లెక్క చక్కగా పెరగడం మొదలుపెట్టింది! రెండు రాత్రులు బుర్ర పాడుచేసుకుని, చివరికి బైట్‌కోడ్ (కంపైలర్ తయారుచేసే యంత్రపు సూచనలు) తెరిచి చూశాను. వైల్‌ట్రూ బ్లాకుని కంపైలర్ మెథడ్‌లోనే కలిపేస్తుంది, వేరియబుల్ కాంటెక్స్ట్‌లోనే ఉండిపోతుంది. డూకి ఇచ్చేది నిజమైన బ్లాకు. దాని లోపల విలువ మారే వేరియబుల్‌ని కంపైలర్ విడిగా ఒక చిన్న ఎర్రేలో (విలువల వరసలో) పెడుతుంది. కాంటెక్స్ట్‌ని ఎన్ని కాపీలు తీసినా అవన్నీ చూసేది ఆ ఒక్క ఎర్రేనే. తప్పు ఫారోది కాదు, నేను రాసుకున్న కంటిన్యుయేషన్ కాంటెక్స్ట్‌ల వరకే కాపీ తీస్తోంది, ఆ ఎర్రేని కాదు.

స్పీడు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. అడిగితేనే వీఎం (ఫారో కోడ్‌ని నడిపే ప్రోగ్రామ్) కాంటెక్స్ట్‌ని ఆబ్జెక్ట్‌గా తయారుచేస్తుంది, కాబట్టి జోలికి వెళ్లనంతవరకు భారం ఉండదు. బిజీ లూపులో పిలిస్తే మాత్రం తేడా తెలిసిపోతుంది. ఆటలో ఒకట్రెండు సార్లు విండో బిగుసుకుపోయి, చంపేసి మళ్లీ తెరవాల్సి వచ్చింది. సేవ్ చేయని కోడ్‌ని ఎపిసియా లాగ్ (ఫారో కోడ్ మార్పులన్నీ రాసిపెట్టే చిట్టా) నుంచి తిరిగి తెచ్చుకున్నాను. ఇప్పుడు ఇలాంటి ఆటలకి విడిగా ఒక ఇమేజ్ (ఫారోలోని కోడ్, ఆబ్జెక్ట్‌లు అన్నీ ఉండే ఫైలు) పెట్టుకున్నాను.

రోజూ అక్కరకొచ్చేది మాత్రం డీబగ్గరే (ప్రోగ్రామ్‌ని మధ్యలో ఆపి తప్పులు వెతికే సాధనం). 'హాల్ట్ ఇఫ్:' అని ఒక టెస్ట్ పేరు ఇస్తే, ఆ టెస్ట్ నుంచి వచ్చినప్పుడే ఆగుతుంది. అదీ సెండర్ గొలుసు వెతికే పనే. ఆగిన చోటే మెథడ్ దిద్ది, ప్రొసీడ్ నొక్కితే మిగతాది నడుస్తుంది. పొద్దున్నే ఆఫీసులో పైథాన్ ట్రేస్‌బ్యాక్ (ఎర్రర్ ఎక్కడ వచ్చిందో చూపే జాబితా) కనబడగానే, అక్కడే దిద్దేద్దామని నా చెయ్యి ఇప్పటికీ మౌస్ మీదికి వెళ్తుంది.