ఇంట్లో చేసుకున్న టేకు నేల: ఆరేళ్ల వాడకం తరువాత

చిత్తూరులోని మా తాతగారి మద్రాసు మిద్దెను 2016లో పడగొట్టినప్పుడు 11 టేకు దూలాలు దిగాయి. ఒక్కొక్కటి 4 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల ఎత్తు, 12 అడుగుల పొడవు. పాత కలప కొనేవారు మర్నాడే బేరానికి వచ్చారు గానీ అమ్మడానికి మనసొప్పలేదు. వాటిని తిరుపతిలోని మా ఇంటికి తెచ్చి, మేడమీద 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు ఉన్న గదికి నాలుక, గాడి గల పలకలుగా తయారుచేసి నేనే పరిచాను. పలకకు ఒక పక్క అంచున పొడుచుకొచ్చే సన్నని పట్టీ నాలుక; అది పక్క పలక అంచున తొలిచిన గాడిలో దూరి కూర్చుంటుంది. మొదటిసారి 2018 మే నెలలో పరిచాను. అది చెడి, 2019 ఫిబ్రవరిలో మళ్లీ పరిచాను. ఆ రెండో నేల మీద ఆరేళ్లకు పైగా నడుస్తున్నాము. ఈ పని చేసుకోవాలనుకునేవారు ఎక్కువగా యంత్రాల గురించే అడుగుతారు. యంత్రాల పని ఓపిక ఉంటే చేతికి వస్తుంది. నేల నిలవడమూ చెడడమూ మాత్రం పరిచిననాడు కలపలో ఉన్న తేమను బట్టి ఉంటుందని నాకు తెలిసివచ్చింది.

దూలాలను పలకలుగా చీల్చే పనిని రంపపు మిల్లులో చేయించాను. ఆరంగుళాల ఎత్తును అడ్డంగా చీలిస్తే దూలానికి అయిదేసి పలకలు వచ్చాయి. అంతకుముందే మేకులన్నీ తీశాననుకున్నాను. ఒక దూలంలో మేకు తల పూర్తిగా లోపలికి దిగిపోయి, దాని చుట్టూ రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ మాత్రమే పైకి కనబడుతూ ఉంది. ఇనుము తగిలినచోట టేకు అలా నల్లబడుతుందని అప్పటికి నాకు తెలియదు. దానిని ముడి అనుకుని వదిలేశాను. చిత్రిక యంత్రంలో ఆ పలక వెళ్లగానే బ్లేడు అంచు పెచ్చు లేచింది. ఆ తరువాత వచ్చిన ప్రతి పలక మీదా వెంట్రుకంత గీత ఉబ్బెత్తుగా పడింది. అప్పటినుంచి నల్ల మచ్చ ఉన్నచోటల్లా అయస్కాంతం పెట్టి చూసిన తరువాతే పలకను యంత్రానికి ఇచ్చాను.

పలకలను 19 మిల్లీమీటర్ల మందానికి దించాను. పైకి కనిపించే వెడల్పు 90 మిల్లీమీటర్లు, నాలుక 6 మిల్లీమీటర్లు. మొత్తం 22 ఘనపుటడుగుల కలపలో నేలకు చేరింది ఇంచుమించు పదిన్నర; మిగిలినది రంపపుపొట్టుగా, ముక్కలుగా పోయింది. పాత దూలాలు కొని చేయాలనుకునేవారు ఈ సగం నష్టాన్ని ముందే లెక్కలో వేసుకోవాలి.

నాలుకకు, గాడికి జతగా వచ్చే బిట్లను, అంటే గిర్రున తిరుగుతూ చెక్క అంచును కోసే పనిముట్లను, అరంగుళం కాడ ఉన్నవి తీసుకుని రూటర్ టేబుల్ అనే బల్ల యంత్రానికి బిగించి వాడాను. టేకులో సిలికా ఉంటుంది కాబట్టి మామూలు ఉక్కు అంచులు త్వరగా మొద్దుబారుతాయి. కార్బైడ్ అంచులున్నవే తీసుకోవాలి. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఉపయోగపడిన పద్ధతి ఒకటుంది. నాలుక తీసేటప్పుడైనా, గాడి తీసేటప్పుడైనా పలక పైముఖాన్నే బల్లకు ఆనించి నడిపించాలి. అలా చేస్తే పలకల మందంలో అర మిల్లీమీటరు తేడా ఉన్నా అది అడుగుభాగానికి పోతుంది, పైన నేల మట్టంగా కలుస్తుంది. గాడిని నాలుక కన్నా ఒక మిల్లీమీటరు లోతుగా తీశాను. లేకపోతే నాలుక లోపల తగులుకుని పై అంచులు కలవవు. బిగువు ఎంత ఉండాలంటే, రెండు పలకలు చేతి ఒత్తిడితోనే కలవాలి. పొడి పలకలకు సుత్తితో కొట్టవలసి వస్తే వానాకాలంలో అవి ఒకదానినొకటి చీల్చుకుంటాయి. పలకను బల్లకు అదిమి పట్టడానికి వేళ్లలా చీల్చిన చెక్కలను కంచెకు, అంటే పలక అంచును ఆనించి నడిపే బల్ల మీది నిలువు చెక్కకు, బిగించుకున్నాను. టేకు పొట్టుకు తుమ్ములు, చర్మం మీద దురద పుడతాయి. ముక్కుకు మంచి మాస్కు లేకుండా ఈ పని మొదలుపెట్టవద్దు.

ఇక 2018లో జరిగిన పొరపాటు. మే నెల ఎండల్లో తేమ మీటరు 8 శాతం చూపించింది. కలప బాగా ఎండింది గదా అన్న ధైర్యంతో, అందంగా ఉంటుందని పలకలను గోడ నుంచి గోడ వరకు ఆనించి కొట్టాను. నవంబరులో ఈశాన్య రుతుపవనాల వానలు పట్టుకున్న నాలుగో రోజు రాత్రి మేడమీద దభీమని శబ్దం వచ్చింది. వెళ్లి చూస్తే గది నడుమ నాలుగు వరసలు మేకులను ఊడబెరుక్కుని రెండు వేళ్ల ఎత్తు లేచి ఉన్నాయి. ఆనాడు మీటరులో తేమ 13 శాతం. చిత్తూరు ఇంటి తలుపులు, కిటికీలు చేసిన పెద్ద ఆచారి గారిని తీసుకొచ్చి చూపించాను. ఆయన గోడ వార వేలు పెట్టి చూసి, "సందే లేకుండా కొట్టేసినావే నాయనా. వానకు ఉబ్బిన కొయ్య యాడికి పోవల్ల?" అన్నారు. వరసకు అర మిల్లీమీటరు పెరిగినా 40 వరసలకు 20 మిల్లీమీటర్లు. ఆ లెక్క మే నెలలోనే వేసుకోగలిగి కూడా వేసుకోలేదు.

అన్నీ ఊడదీసి, ఆ గదిలోనే మధ్య మధ్య రీపర్లు (సన్నని చెక్క పట్టీలు) పెట్టి గాలి ఆడేలా పేర్చి ఉంచాను. ఫిబ్రవరి నాటికి తేమ 11 శాతానికి వచ్చి నిలబడింది. ఎండాకాలపు అంకెకు, వానాకాలపు అంకెకు నడుమ ఉన్న ఆ సమయంలోనే మళ్లీ పరిచాను. చివరి వరసను సన్నగా చీల్చి నాలుగు వైపులా 15 మిల్లీమీటర్ల సందు వదిలాను. ఆ సందును కప్పే స్కర్టింగును నేలకు కాక గోడకు మాత్రమే బిగించాను. అడుగున పాలిథిన్ షీటు, దాని మీద 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఉన్నాయి. మేకులను నాలుక మూలలో 45 డిగ్రీల వాలున, ముందుగా రంధ్రం వేసి కొట్టాను. అలా కొడితే మేకు పైకి కనబడదు, నాలుకా పగలదు.

2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులైనప్పుడు కిటికీలు రోజుల తరబడి మూసే ఉంచాము. నాకు నిద్ర పట్టలేదు. పలకలు దగ్గరగా బిగుసుకున్నాయి గానీ ఒక్కటీ లేవలేదు. మే నెలలో కొన్ని వరసల మధ్య అర మిల్లీమీటరు సందు కనిపిస్తుంది. నవంబరుకు అదే మూసుకుంటుంది. పలక చివర చూస్తే చెట్టు పెరిగినప్పటి వలయాలు నిలువుగా ఉన్నవాటిలో ఈ సందు సగమే ఉంటుంది, ఎందుకంటే టేకు వలయాల వెంబడి ముడుచుకునేంతగా వలయాలకు అడ్డంగా ముడుచుకోదు. ఆ సందుల్లో పుట్టీ నింపకూడదు, వానాకాలంలో అది నలిగి బయటికి వస్తుంది.

లోపాలూ ఉన్నాయి. ప్లైవుడ్‌కు మరలు తక్కువ పడిన ఒకచోట అడుగు వేస్తే కిర్రుమంటుంది. రెండు పలకల అడుగు మూలల్లో చేవ కాని తెల్లచెక్కను చూసీ చూడనట్టు వదిలాను. మూడో ఏడు అక్కడ పురుగు పట్టి పిండి రాలింది. బండల నేలను కడిగినట్టు నీళ్లు పోసి కడగడానికి వీల్లేదు, బాగా పిండిన తడిగుడ్డ చాలు. ఆ తడి బీరువా కాలు కింద నిలిచినచోట, ఆ పాత మేకు చుట్టూ చూసినట్టే, నల్ల మచ్చ పడింది. గీకినా పోలేదు. ఇప్పుడు బీరువా కాళ్ల కింద రబ్బరు బిళ్లలు పెట్టాము. పైన వేసిన పీయూ (పాలియురెథేన్) పూతను అయిదో ఏట ఒకసారి మళ్లీ వేయించవలసి వచ్చింది.

మా వైపు సులభంగా దొరికే మామిడి చెక్కతో గడప దగ్గర ఒక పట్టీ వేసి చూశాను. రెండో ఏడే తొలిచినట్టు రంధ్రాలు పడ్డాయి. మామిడిని నేలకు వాడవద్దని గట్టిగా చెబుతాను.

పురుగు పట్టిన రెండు టేకు పలకలను మార్చడానికి, మొదట కోసినవాటిలో మిగిల్చి దాచిన పలకలు పనికొచ్చాయి. చెడిన పలకను నడుమ చీల్చి తీసి, కొత్త పలక గాడికి అడుగు పెదవిని కోసేసి, జిగురుతో పైనుంచి కూర్చోబెట్టాలి. ఆ సందర్భంలో బిట్లకు సాన పట్టించి మరికొన్ని పలకలు కోశాను. సానతో అంచులు అరిగి, గాడి ఇరుకై, నాలుక మందమై అవి పాత వరసలో దిగలేదు. మొదట కోసినవాటిలో ఇంకా నాలుగు పలకలు అటక మీద ఉన్నాయి.