పగిలిన హెడ్డుకు కుట్లా, కొత్త హెడ్డా: రెండూ వాడి చూశాక

నా దగ్గర రెండు డీజిల్ బళ్లున్నాయి. ఒకటి గుంటూరు యార్డుకు మిర్చి తోలే పాత లారీ. దాని హెడ్డు, అంటే ఇంజను సిలిండర్లను పైన మూసే భాగం, పోత ఇనుము. రెండోది చిల్లర సరుకు వేసుకుని తిరిగే కామన్ రైల్ (ఒకే గొట్టం నుంచి అన్ని సిలిండర్లకూ డీజిల్ అందే) వ్యాను. దాని హెడ్డు అల్యూమినియం. కొంత ఎడంతో రెండింటి హెడ్లూ పగిలాయి. లారీది బాగుచేయించి అదే బిగించాను, వ్యానుకు కొత్తది కొన్నాను. ఏళ్లుగా రెండూ రోడ్డు మీదే ఉన్నాయి కాబట్టి ఏది ఎలా నిలిచిందో చెప్పగలను.

ముందు లారీ సంగతి. రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుండేవి, కింద ఎక్కడా తడి కనిపించేది కాదు. పొద్దున్నే ఇంజను స్టార్టు చేస్తే, నీళ్లింకా వేడెక్కకముందే పై హోసు చేత్తో నొక్కలేనంతగా బిగిసేది. మూత తీసి చూస్తే బుడగలు. సిలిండర్‌లోని గ్యాసు నీటి దారిలోకి వస్తోందని అర్థమైంది. అయితే అది గ్యాస్కెట్ (హెడ్డుకూ కింది ఇంజను బ్లాకుకూ మధ్య వేసే పొర) దగ్గరా, హెడ్డులోని పగులు నుంచా అన్నది విప్పకుండా తేలదు. మెకానిక్ గ్యాస్కెట్ మార్చి చూద్దామన్నాడు. విప్పడానికీ బిగించడానికీ ఎలాగూ కూలి ఇస్తున్నప్పుడు మధ్యలో పరీక్ష ఖర్చు దగ్గర వెనకాడటం నాకు నచ్చలేదు. హెడ్డును విజయవాడ ఆటోనగర్‌లోని లేతు షాపుకు పంపించాను.

బాగుచేయడమా, మార్చడమా అన్న ప్రశ్నకు జవాబు సగం ఈ పరీక్షలోనే ఉంది. హెడ్డులోని నీటి దారులన్నీ రబ్బరు పెట్టి ప్లేట్లతో మూసి, ఒక రంధ్రం గుండా గాలి ఎక్కించి, వేడినీళ్ల తొట్టిలో ముంచుతారు. పగులున్న చోట బుడగలు లేస్తాయి. నీళ్లు వేడిగానే ఉండాలి. చల్లగా ఉన్నప్పుడు మూసుకుని ఉండే సన్నని పగులు లోహం వేడెక్కి వ్యాకోచిస్తేనే తెరుచుకుంటుంది. చన్నీళ్లలో ముంచి ‘అంతా బాగుంది’ అనే షాపు మాట నేను పట్టించుకోను. ఎర్ర రంగు పూసి, తుడిచి, పైన తెల్ల డెవలపర్ కొట్టే పరీక్ష ఇంకొకటి ఉంది. పగులు ఎక్కడినుంచి ఎక్కడిదాకా పాకిందో అది చక్కగా చూపిస్తుంది. లోపల నీటిదాకా దిగిందో లేదో మాత్రం చెప్పదు.

కంటికి కనిపించిన ప్రతి పగులూ హెడ్డును చంపదు. ఫోక్స్‌వాగన్ 1.9 టీడీఐ మరమ్మతు పుస్తకమే వాల్వు సీట్ల (వాల్వులు ఆనుకుని మూసుకునే వలయాల) మధ్య పగులు వెడల్పు 0.5 మిల్లీమీటర్ల లోపు ఉంటే ఆ హెడ్డును మళ్లీ వాడుకోవచ్చంటుంది. అది ఆ హెడ్డుకు ఇచ్చిన వెసులుబాటు. దాన్ని పట్టుకుని ఏ ఇంజనుకు పడితే ఆ ఇంజనుకు వర్తింపజేయకూడదు. మా లారీ హెడ్డులో పగులు ఒక సిలిండర్ ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ వాల్వు సీట్ల మధ్యే ఉంది గానీ, తొట్టిలో బుడగలు వచ్చాయి. అంటే నీటిదాకా దిగింది. మిగతా హెడ్డంతా గట్టిగా, చదునుగా ఉంది.

అందుకే మెటల్ స్టిచింగ్, అంటే లోహానికి కుట్లు, వేయించాను. పగులు వెంబడి రంధ్రాలు వేసి, మరలు కోసి, ఒకదాని అంచును ఇంకొకటి కొరికేలా పిన్నులు బిగించుకుంటూ పోతారు. పైకి మిగిలినదాన్ని కోసి చదును చేస్తారు. తర్వాత రెండు సీట్లూ కొత్తవి నొక్కించి, మళ్లీ వేడినీళ్ల పరీక్ష. ఈ పనిలో మంట అవసరం లేదు, ఇనుప హెడ్డుకు అదే మేలు. పోత ఇనుమును వెల్డింగ్ చేయాలంటే హెడ్డు మొత్తాన్ని కొలిమిలో దాదాపు 600 డిగ్రీలకు కాల్చి, వెల్డు చేసి, మెల్లగా చల్లారనివ్వాలి. చల్లటి ఇనుము మీద నేరుగా రాడ్డు పెట్టి గీసేస్తే, అది చల్లారేటప్పుడే వెల్డు పక్కన కొత్త పగులు పుట్టే ప్రమాదం ఎక్కువ.

ఈ పని ఖర్చు కొత్త హెడ్డు ధరలో మూడో వంతు లోపే అయింది. వాడకంలో తేడా ఏమిటంటే, ఆ సిలిండర్ వాల్వు క్లియరెన్సు (సందు) మిగతావాటికంటే తరచుగా చూసుకోవాల్సి వస్తోంది. కూలెంట్ మట్టం నిలకడగా ఉంది, పై హోసు మామూలుగా ఉంది. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం డ్రైవరుకు గట్టిగా చెప్పి పంపుతాను: పై గేరులో ఇంజనును ఈడ్చవద్దని, వేడి చూపే ముల్లు పైకి పోతే పక్కకు ఆపమని, కాగిన ఇంజనులో చన్నీళ్లు పోయవద్దని.

వ్యాను కథ వేరు. అల్యూమినియం వేడికి ఇనుముకంటే ఇంచుమించు రెండింతలు వ్యాకోచిస్తుంది. కింద బ్లాకు ఇనుము, పైన హెడ్డు అల్యూమినియం అయితే, ఇంజను ఒకసారి బాగా కాగినా హెడ్డు వంగిపోవచ్చు. మా వ్యాను హెడ్డులో పగులు ఉండటమే కాదు, వాల్వులను తెరిచే క్యామ్ కూర్చునే వరస కూడా వంకర పోయింది. అడుగున పలచగా కోసే ఫేసింగ్ చేస్తే కింది ముఖం చదును అవుతుంది గానీ పైన క్యామ్ వరస వంకర అలాగే ఉంటుంది. పైగా డీజిల్ హెడ్డులో ఎక్కువ కోస్తే వాల్వులు పిస్టనుకు దగ్గరవుతాయి. తయారీదారు ఫేసింగ్ వద్దన్న హెడ్డు అది. వెల్డింగ్ చేసిస్తానని ఒకరు తక్కువ ధర చెప్పారు. వంగి, మెత్తబడిన లోహానికి ఎంత తక్కువైనా దండగేనని ఒప్పుకోలేదు.

కొత్తది కొనేవారు ముందే అడగాల్సింది: ధర ఉత్త హెడ్డుకా, వాల్వులు, స్ప్రింగులు, సీళ్లతో సహానా? తక్కువగా కనిపించే ధర చాలాసార్లు ఉత్త హెడ్డుదే. దానిపైన గ్యాస్కెట్, డీజిల్ చిమ్మే నాజిళ్ల పరీక్ష, ఆయిలు, కూలెంట్ కలుస్తాయి. చివర ఇన్ని డిగ్రీలు తిప్పాలన్న కోణం లెక్కన బిగించే హెడ్డు బోల్టులు సాగి ఉంటాయి కాబట్టి అవీ కొత్తవే వేయాలి. నీళ్లు కలిసి ఆయిలు పాల టీ రంగులోకి మారి ఉంటే బేరింగులు కూడా విప్పి చూడాలి. ఈ లెక్కంతా వేశాక వ్యాను బిల్లు లారీ బిల్లుకు ఎన్నో రెట్లయింది. అయినా దానికి వేరే దారి లేదు.

రెండు బళ్లకూ రేడియేటర్ పని తప్పలేదు. లారీ రేడియేటర్ గొట్టాల్లో నా ముందు యజమాని కాలం నాటి బోరు నీళ్ల గార పేరుకుని ఉంది. వ్యాను రేడియేటర్ ఫ్యానును తిప్పే క్లచ్ పట్టడం లేదు. వీటిని వదిలేసి హెడ్డు ఒక్కటీ సరిచేస్తే, కుట్లు వేసినదైనా కొత్తదైనా మళ్లీ పగలక మానదు. వేడిని బట్టి నీటి దారి తెరిచి మూసే థర్మోస్టాట్ తీసేస్తే ఇంజను కాగదని మన వైపు మెకానిక్కులు చెబుతుంటారు. నేను ఆ మాట వినకుండా రెండింటికీ కొత్త థర్మోస్టాట్లే వేయించాను.

స్టిచింగ్‌లో నాకు కనిపించిన అసలు లోటు అమ్మేటప్పుడు బయటపడింది. లారీ ఇచ్చేద్దామని బేరం పెట్టి, హెడ్డు సంగతి ముందే చెబుతున్నాను. విన్న వెంటనే ధర తగ్గించి అడుగుతున్నారు. వేడినీళ్ల పరీక్ష కాగితం చూపించినా ఆ తగ్గింపు పూర్తిగా పోవడం లేదు.