నడుము బెల్టు చాలాకాలం వాడాక: పెట్టుకోవాల్సింది ఎప్పుడు, తీసేయాల్సింది ఎప్పుడు

మెడికల్ షాపులో దొరికే మామూలు ఎలాస్టిక్ బెల్టు సంగతి ఇది. వెనక నాలుగు సన్నటి లోహపు పట్టీలు, ముందు వెల్క్రో, పక్కల నుంచి లాగి బిగించుకునే రెండో జత పట్టీలు ఉండే రకం. వాడగా వాడగా తేలిందేమిటంటే, బరువెత్తే పది నిమిషాలకు ఇది బాగా పనికొస్తుంది. కుర్చీలో గడిపే ఎనిమిది గంటలకు దండగ.

ప్యాంటు నంబరు చూసి సైజు కొనొద్దు. బొడ్డు మీదుగా టేపు పెట్టి కొలుచుకోండి. లోహపు పట్టీల కింది కొసలు తుంటి ఎముక గట్టు దాటి కిందికి దిగాలి. చాలామంది పొట్ట పైకి లాగి కడతారు. అప్పుడు తరచుగా దెబ్బతినే కింది రెండు డిస్కులూ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండ్లు), అంటే నడుము అడుగు పూసల నంబర్లతో పిలిచే ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1, బెల్టుకు బయటే ఉండిపోతాయి. పొట్టనిండా ఊపిరి పీల్చినప్పుడు బెల్టు ఎదురు తోస్తున్నట్టు తెలియాలి, కానీ ఊపిరి ఆడకుండా పోకూడదు.

బెల్టు తనంతట తాను బరువేమీ మోయదు. పొట్ట కండరాలు దాన్ని ఆనుకుని బిగుసుకుంటే కడుపు లోపలి ఒత్తిడి పెరిగి మొండెం గట్టిపడుతుంది. పొట్ట వదులుగా వదిలేసి బెల్టు ఎంత బిగించినా ఒరిగేదేమీ లేదు. బీపీ, హెర్నియా ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా దీని జోలికి పోవద్దు.

బరువెత్తే తీరు బెల్టు కన్నా పెద్ద విషయం. జర్మనీలో విల్కె అనే పరిశోధకుడి బృందం ఒక మనిషి ఎల్4-ఎల్5 డిస్కులోకి సెన్సార్ పంపి లోపలి ఒత్తిడి కొలిచి, ఆ అంకెలు 1999లో ప్రచురించింది. పడుకుంటే 0.1 మెగాపాస్కల్ (ఒత్తిడి కొలత), నిలబడితే 0.5. 20 కిలోలు నడుం వంచి ఎత్తితే 2.3, మోకాళ్లు మడిచి ఎత్తితే 1.7. అదే బరువును ఒంటికి ఆనించి పట్టుకుంటే 1.1, ఛాతీకి 60 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే 1.8. కొలిచింది ఒక్కడి మీదే కాబట్టి అంకెల్ని పట్టుకుని వేలాడక్కర్లేదు, తేడా చూడండి. ఇంట్లో గ్యాస్ సిలిండర్ నిండుగా ఉంటే డబ్బాతో కలిపి దాదాపు 30 కిలోలు. చేతులు చాచి వంగి లాగితే ఏ బెల్టూ కాపాడదు. దగ్గరికి జరుపుకుని, మోకాళ్లు మడిచి, ఒంటికి ఆనించుకునే లేపాలి. ఇద్దరుంటే ఇంకా మేలు.

బెల్టు నిజంగా అక్కరకొచ్చేది పొద్దున్నే. రాత్రి పడుకున్నప్పుడు డిస్కు నీరు పీల్చుకుని ఉబ్బుతుంది. ఆ పీల్చుకున్నందుకే మనిషి పొద్దున కాస్త పొడుగవుతాడు, లేచాక మొదటి గంటలోనే అందులో సగం దాకా పోతుంది. ఉబ్బి ఉన్న డిస్కును వంచితే దాని వెనక గోడ మీద, అక్కడి లిగమెంట్ల (ఎముకల్ని కలిపి ఉంచే గట్టి తంతువుల) మీద లాగుడు బాగా ఎక్కువ. నీళ్ల బకెట్లు, వంగి ముగ్గు వేయడం, ముందుకు వంగే ఆసనాలు ఆ గంట గడిచాకే పెట్టుకోండి. తప్పదంటే బెల్టు కట్టుకోండి. వంగబోతే లోహపు పట్టీలు గుచ్చుకుని గుర్తుచేస్తాయి, దాని అసలు ఉపయోగం అదేనేమో!

కూర్చుంటే మాత్రం బెల్టు పైకి జరిగి పక్కటెముకల కింద నొక్కుతుంది, విసుగు. పైగా కూలబడి బాగా ముందుకు ఒంగి కూర్చున్నప్పుడు వెన్ను కండరాలు దాదాపు పనిచేయడం మానేస్తాయి, బరువంతా లిగమెంట్లూ డిస్కులూ మోస్తాయి. అలా 20 నిమిషాలుంటే అవి సాగుతాయి. లేచి 2 నిమిషాలు నిలబడినా పోయిన బిగువు సగమే తిరిగొస్తుంది. బస్సు దిగీ దిగగానే డిక్కీలోంచి సంచులు లాగేవాళ్లకు నడుం పట్టేయడంలో వింతేముంది? కాసేపు నడిచాక ఎత్తండి.

బెల్టుతో కండ కరిగిపోతుందన్న భయం కాస్త ఎక్కువే. కొన్ని వారాల వాడకంతో అలా అవుతుందని ఖాయంగా తేలలేదు. అయినా కండరాల ఓర్పు పెంచేది బెల్టు కాదు. వెన్నెముక మీద పరిశోధన చేసిన కెనడా విశ్రాంత ఆచార్యుడు స్టువర్ట్ మెక్‌గిల్ చెప్పే మూడు వ్యాయామాలు చాలు: వెల్లకిలా పడుకుని నడుం కింద చేతులుంచి తల, భుజాలు కొద్దిగా లేపడం, పక్కకు తిరిగి మోచేతి మీద ఆని నడుం పైకి లేపి ఉంచడం, నాలుగు కాళ్ల భంగిమలో ఎదురెదురు చెయ్యీ కాలూ చాచడం. ఒక్కోటి 10 సెకన్ల లోపే ఆపి, 6, 4, 2 సార్ల చొప్పున తగ్గించుకుంటూ చేయాలి. బెల్టు తీసేసి చేయండి. కాలు మొద్దుబారి బలం తగ్గినా, మూత్రం మీద పట్టు తప్పినా ఇవన్నీ పక్కనపెట్టి ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

ఇక మన్నిక. ముందు పోయేది వెల్క్రో. పీచు పట్టి జారుతుంటే పాత టూత్‌బ్రష్‌తో గీకితే కొన్నాళ్లు లాగుతుంది. తర్వాత పట్టీల సంచి కుట్టు అడుగున విడిపోయి లోహపు కొస ఒంటికి గీరుకుంటుంది, కొనేటప్పుడే ఆ మూలలు వేలితో నొక్కి చూడండి. లోపల కాటన్ బనియన్ లేకపోతే ఎండాకాలంలో దద్దుర్లు ఖాయం. లోహపు పట్టీలు తీసి బెల్టును చేత్తో ఉతికి నీడలో ఆరేయాలి. తిరిగి దూర్చేటప్పుడు వంపు నడుం లోపలి గుంటకు సరిపడేలా చూసుకోండి, తిరగేసి పెడితే మధ్యలో ఎడం వచ్చి కొసలు గుచ్చుకుంటాయి.