మొదటి షోనా, రెండోదా, చివరిదా: ఏది మేలు?

పెద్ద బ్యాండ్ ఏదైనా మన దేశంలో రెండు మూడు రోజుల కచేరీ ప్రకటించిందంటే చాలు, మా అక్క కొడుకు నుంచి ఫోన్ వస్తుంది. "మామా, ఏ రోజుది తీసుకుందాం?" హనుమకొండలో ఇంజినీరింగ్ చివరి ఏడాది చదువుతున్నాడు. అడగడం పేరుకే, జవాబు వాడి దగ్గర ముందే ఉంటుంది. మొదటి రోజే పోవాలి, తెర లేచే క్షణం చూడాలి, మిగతావన్నీ దానికి జిరాక్సులే అంటాడు. ఒకసారి హాల్లో కూర్చుని "మొదటి రాత్రికే పోవాలె మామా" అని గట్టిగా అన్నాడు. వంటింట్లోంచి మా అక్క గరిటెతో సహా బయటికి వచ్చింది. అప్పటినుంచి మా ఇంట్లో దాన్ని మొదటి షో అనే అంటున్నాం.

నేను రెండో షో పార్టీ. ముంబైలోనో బెంగళూరులోనో ఉండేవాళ్లకు ఈ లెక్క అంతగా పట్టదు. ఒక రోజు బాగోకపోతే మర్నాటి టికెట్ బ్లాక్‌లో వెతుక్కోవచ్చు. వరంగల్ నుంచి పోయేవాడికి దక్కేది ఒక్కటే షో. కోణార్క్ ఎక్కి, రోజు మొత్తం రైల్లో కూర్చుని, కల్యాణ్‌లో దిగి, లోకల్ పట్టుకుని ఠాణే, అక్కణ్ణుంచి నేరుల్. ఆ కష్టమంతా రెండు గంటల పాటల కోసం. ఏ రెండు గంటలో సరిగ్గా ఎంచుకోవద్దూ?

కోల్డ్‌ప్లే బ్యాండ్ సంగతే చూడండి. మొదట 2025 జనవరి 18, 19 తేదీలకు నవీ ముంబైలో షోలు ప్రకటించారు. 2024 సెప్టెంబర్ 22న టికెట్లు తెరిచారు. నేను ఫోన్‌లో, వాడు లాప్‌టాప్‌లో. నా ముందు క్యూలో నాలుగు లక్షల చిల్లర మంది ఉన్నారని చూపించింది. వాడి ముందు ఆరు లక్షలు. అన్నం తినొచ్చేసరికి రెండూ అయిపోయాయి. 21వ తేదీకి ఇంకో షో కలిపారు. ఆ తర్వాత అహ్మదాబాద్‌లో 25, 26 వచ్చాయి. ఆ రోజు నేర్చుకున్న పాఠం ఒకటుంది. మొదటి షో మీదికి జనం ఎగబడతారు, కాబట్టి క్యూలో ఉండగానే తర్వాత కలిపే తేదీ మీద కన్నేసి ఉంచాలి. మాకు అదీ దొరకలేదనుకోండి.

18వ తేదీ శనివారం, సంక్రాంతి వెళ్లిన నాలుగో రోజు. పండక్కి వచ్చినవాళ్లంతా తిరుగు రైళ్లలో ఉంటారు, బెర్త్ దొరకడం కష్టం. 21 మంగళవారం, సెలవు పెట్టాలి. అహ్మదాబాద్ 26 ఆదివారం, పైగా మన వరంగల్‌లోనే ఆగే నవజీవన్ నేరుగా అక్కడికి పోతుంది. అంటే ఏ షో మంచిదనే మాటలో సగం రైల్వే టైం టేబుల్‌దే. ఈ మాటంటే మా వాడికి కోపం. సంగీతం గురించి అడిగితే బెర్తుల గురించి చెప్తావేంది మామా అంటాడు.

సరే, సంగీతం గురించే మాట్లాడదాం.

మొదటి షోకు నిజంగా ఉన్న బలం, లోపల ఏం జరుగుతుందో ఎవరికీ తెలియకపోవడం. ఏ పాటతో మొదలుపెడతారు, పాత పాటల్లో ఏది బయటికి తీస్తారు, వేదిక ఎలా ఉంటుంది, ఏదీ తెలియదు. ఆ షో అయిన గంటలోపే పాటల లిస్టు మొత్తం ఫోన్లలోకి వచ్చేస్తుంది. రెండో రోజు వెళ్లేవాడు కథ తెలిసిన సినిమాకు వెళ్తున్నట్టే. 2025 జూలై 4న కార్డిఫ్‌లో ఒయాసిస్ మొదటి షో చూసినవాళ్లను తలుచుకుంటే నాక్కూడా ఈర్ష్యే. ఆ బ్యాండ్‌ను నడిపిన అన్నదమ్ములు 2009లో విడిపోయారు. పదహారేళ్ల తర్వాత ఇద్దరూ ఒకే వేదిక మీదికి వస్తారా, వచ్చినా చివరిదాకా ఉంటారా అని లోకమంతా ఎదురుచూసిన రోజది. పాటలు ఆ తర్వాతి షోలలోనూ దాదాపు అవే. కానీ ఆ ఎదురుచూపు 5వ తేదీ టికెట్‌తో రాదు.

గొంతు సంగతి కూడా మొదటి రోజుకే అనుకూలం. గిటార్‌కు తీగ తెగితే మార్చుకోవచ్చు, గొంతుకు స్పేర్ ఉండదు. వరుసగా రెండు రోజులు పాడాక మూడో రోజు పై స్థాయి అందక పాటను దించి పాడేవాళ్లున్నారు. మైకు జనం వైపు తిప్పి "మీరు పాడండి" అనడం ప్రతిసారీ ప్రేమతోనే అనుకోకండి. అందుకే తేదీల మధ్య ఖాళీ ఉందో లేదో చూడాలి. కోల్డ్‌ప్లే 19 తర్వాత 20 వదిలేసి 21న పాడింది. మెటాలికా బ్యాండ్ 2023లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఏప్రిల్ 27న ఒకటి, 29న ఒకటి పెట్టింది. నడుమ ఒక రోజు విడుపు ఉంటే చివరి షోకూ భయం లేదు.

ఇక మొదటి షో గండాల గురించి చెప్పాలంటే పింక్ ఫ్లాయిడ్ బ్యాండ్ ఒక్కటి చాలు. 1980 ఫిబ్రవరి 7న లాస్ ఏంజెలెస్‌లో వాళ్ల గోడ కచేరీ మొదలైంది. పాటలు సాగుతుండగానే వేదికకు అడ్డంగా అట్ట ఇటుకలతో గోడ కడుతూ పోయే షో అది. మొదటి రోజే బాణసంచా నిప్పు తెరకు అంటుకుంది. షో ఆపి, మంటలు ఆర్పి, మళ్లీ మొదలుపెట్టారు. పద్నాలుగేళ్ల తర్వాత 1994 అక్టోబర్ 12న లండన్‌లోని ఎర్ల్స్ కోర్టులో మరో వరుస షోలకు మొదటి రోజు. కచేరీ మొదలవుతూనే దాదాపు 1,200 మంది కూర్చున్న స్టాండు కూలింది. చాలామందికి దెబ్బలు తగిలాయి, అదృష్టం, ప్రాణాలు పోలేదు. ఆ రోజు షో రద్దు. ఆ టికెట్ ఉన్నవాళ్లకు మళ్లీ 17న పాడారు. మొదటి షో కోసం ఎగబడి కొన్నవాళ్లు తీరా చూసింది మిగతావాళ్లు కొన్ని చూసేశాక. వీడియోగా వచ్చి అందరూ దాచుకున్నది ఆ వరుసలోనే 20వ తేదీ షో.

అంత దూరం ఎందుకు, మెటాలికా మన దేశంలో మొట్టమొదటి షో 2011 అక్టోబర్ 28న గుర్‌గావ్‌లో జరగాల్సింది. జరగలేదు. జనం కోపంతో వేదిక మీదికి ఎక్కారు. 30న బెంగళూరులో మాత్రం పాడారు. రెండో టికెట్ తీసుకున్నవాడే భారత్‌లో మెటాలికాను మొదట చూసినవాడయ్యాడు.

ఇవన్నీ పెద్ద ప్రమాదాలు, ఎప్పుడో ఒకసారి జరిగేవి. ప్రతి మొదటి షోలోనూ జరిగే చిన్నది ఒకటుంది: సౌండ్ కుదరకపోవడం. గృహప్రవేశం రోజు ఖాళీ గదిలో మాట్లాడితే మాట మోగుతుంది కదా, మంచం, బీరువా, పరుపులు వచ్చాక మోగదు. కచేరీకి జనమే పరుపులు. మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు సౌండ్ చెక్ చేసి సరిచూసుకున్న లెక్కంతా సాయంత్రం వేల మంది నిండేసరికి మారిపోతుంది. ఒంటి మీద బట్టలు, మనుషులు కలిసి సన్నటి శబ్దాన్ని పీల్చేస్తారు. తాళాల చప్పుడు, గొంతులోని పదును తగ్గి, డ్రమ్ముల మోత మిగులుతుంది. సౌండ్ బోర్డు దగ్గర కూర్చున్నవాడు రెండు మూడు పాటల్లో దారిలోకి తెస్తాడు. మర్నాడు అదే చోట, అంతే జనానికి ఎలా ఉండాలో వాడికి ముందే తెలుసు.

ఈ సంగతి నాకు పుస్తకాల్లో చదివి తెలిసింది కాదు. చదువుకునే రోజుల్లో ఐదుగురం కలిసి బ్యాండ్ పెట్టాం, నాది బాస్ గిటార్. హనుమకొండలో ఒక కాలేజీ గ్రౌండ్‌లో మూడు రోజులు వరుసగా వాయించే అవకాశం వచ్చింది. మొదటి రోజు గిటార్ జాక్ గుచ్చగానే స్పీకర్లోంచి "జూ..." అని మోత. తీగ మీద చెయ్యి పెడితే తగ్గుతుంది, తీస్తే మళ్లీ జూ. కరెంటు మోత అది, యాభై హెర్ట్జ్. పాటకు పాటకు మధ్య నిశ్శబ్దం ఉండాల్సిన చోటల్లా ఆ మోతే. మేం టెన్షన్‌తో తొందరపడి పాటలన్నీ పరుగెత్తించాం. గంటంపావు ప్రోగ్రాం యాభై నిమిషాల్లో అయిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం మైకుసెట్టు ఆయన ఎలక్ట్రీషియన్‌ను తీసుకొచ్చాడు. అతను లైన్ చూసి నవ్వాడు. "స్టేజీకి ఎర్త్ ఏది తమ్మీ? మీదీ, గా బజ్జీల బండి లైట్లదీ ఒకటే లైన్ ఉన్నది." వేదిక వెనకాల గుంత తవ్వించి, పైపు దించి, బొగ్గూ ఉప్పూ కలిపి నింపి, రెండు బిందెల నీళ్లు పోయించాడు. అటుగా పోతున్న అమ్మాయిలు "ఏం చెట్టు నాటుతున్నరు అన్నా?" అని అడిగి నవ్వుకుంటూ పోయారు. ఆ సాయంత్రం జాక్ గుచ్చితే చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దం విని మా డ్రమ్మర్ నా వైపు తిరిగి కళ్లు పెద్దవి చేశాడు. మేం బాగా వాయించింది ఆ రోజే. మూడో రోజు జనం రెండింతలు వచ్చారు, మా గాయకుడి గొంతు మాత్రం పోయింది. మిరియాల కషాయం తాగించి నిలబెట్టాం. సగం పాటలు జనమే పాడారు, అందరూ బ్రహ్మాండం అన్నారు.

చివరి షో బలం అక్కడే ఉంది. పాట తగ్గినా సందడి తగ్గదు. ఇంక రేపు లేదని వాయించేవాళ్లకూ తెలుసు, వినేవాళ్లకూ తెలుసు, ఎవరూ ఏదీ దాచుకోరు. పైగా వరుసలో మొదట వేసిన విత్తనం చివర్లో కాస్తుంది. ముంబైలో కోల్డ్‌ప్లే గాయకుడు క్రిస్ మార్టిన్ ఒక జోకు వేశాడు, బుమ్రా వెనకాల ఉన్నాడు, నాకు బౌలింగ్ చేయాలంటున్నాడు, షో ముగించాలి అని. అది దేశమంతా తిరిగింది. 26న అహ్మదాబాద్ చివరి షోకు బుమ్రా నిజంగానే వచ్చి కూర్చున్నాడు, అతని మీద అప్పటికప్పుడు నాలుగు ముక్కలు కట్టి పాడారు. ముంబైలో ఉన్నవాళ్లు విన్నది జోకు, 26న ఉన్నవాళ్లు చూసింది దాని ఫలితం.

ఆ 26వ తేదీ షోను హాట్‌స్టార్‌లో లైవ్ ఇచ్చారు కాబట్టి మేమూ చూశాం, ఇంట్లో, టీవీలో. చేతులకు లైట్ల పట్టీలు కట్టుకుని స్టేడియం అంతా ఒకేసారి రంగులు మారుతుంటే మా అమ్మ, "గా స్విచ్చు ఎవలు వేస్తున్నరురా?" అని అడిగింది. దూరం నుంచి అందరి పట్టీలకూ ఒకేసారి సిగ్నల్ పంపుతారని చెప్పాను. టీవీలో అన్నీ కనబడ్డాయి, టీ కూడా వేడిగా ఉంది. కచేరీకి పోయినట్టు మాత్రం లేదు. ఈ దారి గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

అసలు ఈ పేచీయే పనికిరాని బ్యాండ్లు కూడా ఉన్నాయి. ఫిష్ అనే అమెరికన్ బ్యాండ్ 2017లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పదమూడు షోలు చేసి ఒక్క పాట కూడా రెండోసారి వాయించలేదు. మొత్తం 237 పాటలు. మెటాలికా కూడా 2023 నుంచి ఒకే ఊళ్లో రెండు రోజులు పెడితే రెండు రోజులూ వేరే పాటలే అనే పద్ధతి పెట్టుకుంది. అలాంటివాళ్ల దగ్గర ఒక రోజు టికెట్ అంటే సగం అన్నమే. డబ్బులుంటే రెండూ, లేకపోతే చీటీలు వేసి ఒకటి ఎంచుకోవడమే.

మా వాడితో వాదన ఎప్పుడూ మేడారం దగ్గర తేలుతుంది. జాతర నాలుగు రోజులు. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ గద్దెకు వస్తుంది. గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తెస్తారు, ఎస్పీ గాలిలోకి తుపాకీ పేల్చి స్వాగతం పలుకుతాడు. శుక్రవారం ఇద్దరు తల్లులూ గద్దెల మీదే ఉంటారు, శనివారం వనప్రవేశం. "చూశావా, ఒళ్లు గగుర్పొడిచేది రెండో రోజే" అంటాను నేను. "మరి బతుకమ్మ?" అంటాడు వాడు. "ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి కాడ చూసినవా? మొదటి రోజే గదా!" సద్దుల బతుకమ్మ తొమ్మిదో రోజు అని గుర్తుచేస్తే, అది చివరి షో, నీది కూడా ఓడిపోయింది మామా అని నవ్వుతాడు. మేడారం, బతుకమ్మ కలిపితే మూడు పార్టీలకూ తలా ఒక ఓటు పడినట్టే.

ఒకటి మాత్రం వాడికి చెప్పి పెట్టాను. రెండో షో బాగుంటుందనడానికి సాక్ష్యం నా దగ్గర ఉప్పునీళ్ల గుంత ఒక్కటే. ఆ రోజు మేమెంత బాగా వాయించామో నాకూ ఆ నలుగురికీ తప్ప ఎవరికీ గుర్తులేదు. అప్పటి క్లాస్‌మేట్లు హనుమకొండ చౌరస్తాలో కనబడితే ఇప్పటికీ చెయ్యి ఊపి పలకరించేది "జూ..." అనే.

ఈసారికి ఒప్పందం కుదిరింది. ఎవరు వచ్చినా సరే, టికెట్లు దొరికితే వాడు మొదటి షోకు, నేను మర్నాటిదానికి. రూము ఒకటే, ఖర్చు సగం సగం.

"నా షో అయినంక ఫోన్ చేసి అంతా చెప్త మామా."

"బాగుందో లేదో చెప్పు చాలు. ఏ పాటలు పాడిన్రో చెప్పినవంటే తంతా."