కారణం ఒక్కటే ఎంచుకోవాలట: ఓ ఎగ్జిట్ ఇంటర్వ్యూ సర్వీసు మీద నా రివ్యూ

రేటింగ్: 5కి 2

ఉద్యోగం మానేసేవాళ్ళని "ఎందుకు మానేస్తున్నారు" అని అడగడానికి మా కంపెనీ బయటి ఏజెన్సీని పెట్టుకుంది. పేరు రాయను. ముందు మెయిల్లో లింకు వస్తుంది, ఫారం నింపాలి. తర్వాత వాళ్ళ మనిషి ఫోన్ చేసి అరగంట మాట్లాడుతుంది. రిలీవింగ్ లెటర్ (పనినుంచి వదిలేశామని కంపెనీ ఇచ్చే కాగితం) చేతికొచ్చి, ఫుల్ అండ్ ఫైనల్ డబ్బులు, అంటే నాకు రావాల్సిన ఆఖరి లెక్క, ఖాతాలో పడ్డాయి కాబట్టి ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నాను. ఈ సర్వీసులో ఉన్న అసలు లోపం కూడా ఇక్కడే ఉంది, చెప్తాను.

ఫారంలో 42 ప్రశ్నలు. క్యాంటీన్ శుభ్రత, క్యాబ్ టైమింగు, కుర్చీల సంగతి కూడా అడిగారు. ముఖ్యమైన ప్రశ్నకి మాత్రం ఒక్కటే జవాబు ఎంచుకోవాలి: మంచి అవకాశం, పెళ్ళి, పైచదువు, ఆరోగ్యం, ఊరు మారడం... ఇలా కిందకి ఓ జాబితా. "పండక్కి లీవు ఇవ్వలేదు" అన్నది అందులో లేదు. "ఇతరములు" నొక్కితే 250 అక్షరాలు పట్టే పెట్టె తెరుచుకుంది. తెలుగులో కొడితే అన్నీ చదరపు గళ్ళే పడ్డాయి. చెరిపేసి "మంచి అవకాశం" నొక్కాను.

మా పని అమెరికాలో ఒక బట్టల దుకాణం వెబ్‌సైట్‌కి సపోర్టు. సాయంత్రం ఐదున్నర నుంచి రాత్రి రెండున్నర దాకా షిఫ్టు. వాళ్ళ హడావుడి నవంబర్ నాలుగో గురువారం థాంక్స్ గివింగ్‌తో మొదలవుతుంది. క్రిస్మస్‌తో అయిపోతుందనుకుంటారు బయటివాళ్ళు. ఎక్కడ అవుతుంది? కానుకలుగా వచ్చిన స్వెటర్లు, బూట్లు సైజు సరిపోలేదని వెనక్కిచ్చేది జనవరిలోనే. అందుకని మాకు నవంబర్ మూడోవారం నుంచి జనవరి 20 దాకా లీవులు బంద్. క్రిస్మస్ వాళ్ళకి సెలవు, మాకు డ్యూటీ. సంక్రాంతి ఎవరికీ సెలవు కాదు.

ఫోన్ చేసిన అమ్మాయి మాత్రం బాగా మాట్లాడింది. నా "మంచి అవకాశం" విని ఊరుకోకుండా, "మేడమ్, మానేద్దామని మొట్టమొదట ఎప్పుడు అనిపించింది?" అంది. 42 ప్రశ్నల్లో లేని ప్రశ్న ఇది. నేను పేపర్లు వేసింది, అంటే రాజీనామా ఇచ్చింది, నవంబర్లో. అనిపించింది మాత్రం అంతకు ముందు భోగినాడు.

ఆ భోగికి మా ఆయన, పాప ముందే పాలకొల్లు వెళ్ళారు. పాపకి నాలుగేళ్ళు. మా ఇంట్లో ఐదేళ్ళ దాకానే భోగిపళ్ళు పోస్తారు. సాయంత్రం ఆరింటికి అమ్మ వీడియో కాల్ చేసింది. రేగుపళ్ళు, చెరుకుముక్కలు, బంతిరేకులు, చిల్లర అన్నీ ఇత్తడి గిన్నెలో కలిపి పట్టుకుని నిలబడింది. "నువ్వు చూస్తానంటేనే పోస్తానే" అంటోంది. ఇటు వెబ్‌సైట్లో సరుకు వెనక్కిచ్చే రిటర్న్స్ పేజీ పడిపోయి, అందరూ ఒకే లైన్లో ఉండే బ్రిడ్జ్ కాల్ నడుస్తోంది. ఫోన్ కీబోర్డుకి ఆనించి, సౌండు తీసేసి చూస్తున్నాను. సరిగ్గా అమ్మ గుప్పెడు తీసి పాప తల చుట్టూ తిప్పుతుంటే, బ్రిడ్జిలో నా పేరు పిలిచారు. లాగ్స్ (సిస్టమ్ రాసుకునే చిట్టా) చదివి వినిపించి మళ్ళీ ఫోన్ చూసేసరికి, పాప నేలమీద కూర్చుని రూపాయి బిళ్ళలు ఏరుకుంటోంది.

ఆ అమ్మాయి కాసేపు ఏమీ అనలేదు. టైపు చేసుకుంటున్న చప్పుడు వినిపించింది.

మరి అప్పుడే ఎందుకు మానలేదంటే, లెక్కలు. అక్టోబర్‌కి నాకు ఐదేళ్ళు నిండుతాయి, నిండితే గ్రాట్యుటీ వస్తుంది. నెల బేసిక్ జీతాన్ని (డీఏ ఉంటే కలిపి) 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్ళతో హెచ్చిస్తారు. హోమ్ లోన్ ఉన్నవాళ్ళకి చిన్నమొత్తమేం కాదు. ఇంకో లెక్క నోటీసు పీరియడ్, 60 రోజులు. ఆ రోజుల్లో లీవు పెడితే ఆఖరి రోజు అంత ఆలస్యమవుతుంది. డిసెంబర్లో పేపర్లు వేస్తే మళ్ళీ సంక్రాంతి పోయినట్టే. రైలు రిజర్వేషన్ కూడా ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు (2024 అక్టోబర్ దాకా 120 ఉండేది). అందుకని నవంబర్ 12 పొద్దున 8 గంటలకి జనవరి 11 నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు కొట్టాను, 9 గంటలకి రాజీనామా మెయిల్ పంపాను. టికెట్ వెయిటింగ్ లిస్టు 38. రాజీనామా వెంటనే కన్‌ఫర్మ్.

కొత్త ఏడాది బడ్జెట్లు వస్తాయని రిక్రూటర్లు నవంబర్ నుంచే ఫోన్లు చేస్తారు, నిజమే. నాకూ వచ్చాయి. కానీ ఆ ఫోన్లు ఏటా వస్తూనే ఉన్నాయి, ఏటా కట్ చేస్తూనే ఉన్నాను. ఈసారి ఎత్తాను, అంతే తేడా. మా తొమ్మిదిమంది టీంలో ఆ సీజన్లో ముగ్గురం పేపర్లు వేశాం. కాకినాడ కుర్రాడొకడు బెంగళూరు ఆఫర్‌తో వెళ్ళాడు. ఫారంలో వాడిదీ "మంచి అవకాశమే". అంతకు ముందు డిసెంబర్లో వాళ్ళ నాన్న సంవత్సరీకానికి రెండురోజులు అడిగితే ఒకరోజు ఇచ్చారు. ఆ మాట వాడు టీ దగ్గర చెప్పాడు, ఫారంలో కాదు.

ఎందుకు చెప్తాడు? ఈ ఇంటర్వ్యూ పెట్టేది ఆఖరి వారంలో. అప్పటికి రిలీవింగ్ లెటర్ రాలేదు, డబ్బులు రాలేదు, రేపు కొత్త కంపెనీ వెరిఫికేషన్‌కి ఫోన్ చేసేది ఈ కంపెనీకే. అంత బుర్ర తక్కువవాళ్ళం కాదు. వెళ్ళిన మూడు నెలలకి అడిగితే ఒక్కొక్కరూ గంటసేపు చెప్తారు. మీ పేరు బయటపెట్టం అని ఫారం మొదట్లో రాశారు గానీ, నా ఫోన్ అయిన రెండోరోజు మా లీడ్ "భోగిపళ్ళ సంగతి నాకు ముందే చెప్పుండొచ్చుగా" అన్నాడు. పేరు లేకపోతే ఏం, తొమ్మిదిమందిలో భోగిపళ్ళ వయసు పాప ఉన్నది నాకొక్కదానికే. ఒక స్టారు ఇక్కడే పోయింది. నిజానికి ముందే చెప్పాను కూడా, లీవు అప్లికేషన్లో కారణం అన్నచోట.

ఇచ్చిన రెండింటిలో ఒకటి ఆ ఫోన్ అమ్మాయికి. రెండోది ఫారంలో "సేవ్" బటన్‌కి: మధ్యలో వదిలేసినా మళ్ళీ తెరిస్తే ఆపినచోటే ఉంటుంది. టికెట్ చార్ట్ తయారయ్యే ముందు కన్‌ఫర్మ్ అయింది, పై బెర్తు. రేగుపళ్ళు ఈసారి కిలో నేనే కొన్నాను.