విశాఖపట్నం అగనంపూడిలో రేడియేషన్‌కి వచ్చేవాళ్ల రూములు: పొయ్యి ఉంది, ఇన్వర్టర్ లేదు

ఐదుకి మూడున్నర స్టార్లు.

హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్‌లో మా అత్తమ్మకి రేడియేషన్ జరిగినన్నాళ్లూ ఇక్కడే ఉన్నాం. మాది శ్రీకాకుళం వైపు పల్లెటూరు. అంగిట్లో పుండు. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ మా వైపు పెద్దాడవాళ్లకి ఎంత అలవాటో తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ రేడియేషన్, అలా ఆరేడు వారాలు. మిషన్ కింద పడుకునేది కాసేపే. దానికోసం వంద కిలోమీటర్ల పైచిలుకు రోజూ బస్సులో తిప్పలేం కదా.

లాడ్జిలో అయితే మంచం ఇస్తారు, పొయ్యి ఇవ్వరు. ఇక్కడ గ్యాస్ పొయ్యి, కుక్కరు ఇచ్చారు. నేనిచ్చిన స్టార్లలో సగం ఆ పొయ్యికే. రెండు వారాలు దాటేసరికి అత్తమ్మకి నోరంతా పూసేసింది. కారం మాట అటుంచండి, హోటల్ ఇడ్లీ కూడా గుచ్చుకుంటోందనేది. పెసరపప్పు, అన్నం కలిపి గుజ్జుగా ఉడికించి, పెరుగేసి మెదిపి, చల్లారాక చిన్న చెంచాతో పెట్టాలి. రెండు చెంచాలు మింగి చెయ్యి అడ్డం పెట్టేస్తుంది. మళ్లీ కాసేపాగి రాగిజావ. ఇలా తినే మనిషికి మెస్ క్యారేజీ ఏం పనికొస్తుంది? ఉప్పు, తినే సోడా వేసి పుక్కిలించడానికి గోరువెచ్చని నీళ్లు కూడా మాటిమాటికీ కావాలి.

బాధల్లా వాసనలతోనే. వంటగది కిటికీలు అన్నీ ఒకే వరండాలోకి తెరుచుకుంటాయి. పక్క రూమువాళ్లు ఎండు మెత్తళ్లు వేయిస్తే చాలు, అత్తమ్మకి వాంతి. ఒకప్పుడు ఆవిడకి మెత్తళ్ల పులుసుంటే మరో కూర అక్కర్లేదు! వాళ్లని ఏమంటాం, వాళ్లూ పేషెంటు కోసమే వచ్చారు. ఓనరు పిన్నిగారికి చెప్తే మర్నాడే మమ్మల్ని చివరి రూముకి మార్చారు. ఆవిడ మంచితనానికి వంక పెట్టలేను.

కరెంటు పోతే మాత్రం నరకం. మెడ దగ్గర చర్మం నల్లబడి మండుతుంటే ఫ్యాను లేకుండా ఎలా? ఇన్వర్టర్ పెట్టిస్తామన్నారు, మేం ఖాళీ చేసేదాకా పెట్టలేదు. ఫ్రిజ్ కింద అందరికీ కలిపి ఒకటే, గిన్నె మీద పేరు రాసుకోవాలి. శని, ఆదివారాలు ఇంటికెళ్లొచ్చినా ఆ రెండు రోజుల అద్దె తీసుకున్నారు. అది నాకు నచ్చలేదు. వారం లెక్కన ముందే మాట్లాడుకోండి.

బాత్రూములో వెస్టర్న్ కమోడ్ ఉంది, పట్టుకోవడానికి గోడకి కడ్డీ లేదు. నీళ్లకి లోటు లేదు.

లిఫ్ట్ లేదు కాబట్టి కింది అంతస్తే అడగండి, అదీ వెనకవైపు. ముందు రూముల్లో హైవే లారీల మోతకి పేషెంటుకే కాదు, తోడున్నవాళ్లకీ కంటిమీద కునుకుండదు.