ముత్తాత కోసం: పెద్దల మాటా, పాత కాగితమా?

టెక్కలి వైపు పుట్టిన ముత్తాత జీవితాన్ని వెతకాలంటే ఇంట్లో పెద్దల జ్ఞాపకాలైనా పట్టుకోవాలి, పాత భూమి రికార్డులైనా తిరగేయాలి.

మామ్మని సంవత్సరం అడిగితే చెప్పలేదు. "మీ ముత్తాత రంగం నుంచి నడిచొచ్చేసరికి మీ తాత ఉయ్యాల్లో ఉన్నాడు" అంటుంది. ఆ ఒక్క మాట చాలు. రంగం అంటే రంగూన్. 1941 డిసెంబరులో జపాన్ దాని మీద బాంబులు వేసింది, 1942 మార్చిలో పట్టుకుంది. బర్మాకి కూలికి వెళ్ళిన మనవాళ్ళు ఎందరో అడవుల గుండా నడిచి తిరిగొచ్చింది ఆ రోజుల్లోనే. తాత వయసు కూడా అక్కడే తేలిపోయింది. కాళ్ళకి పడిన పుండ్లు, దారిలో పోయినవాళ్ళ సంగతి ఏ భూమి కాగితంలో దొరుకుతాయి?

కాగితం మాత్రం పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం కచ్చితంగా చెబుతుంది. కాకపోతే ఏ జిల్లా కింద వెతకాలో తెలియాలి. టెక్కలి 1936 వరకు గంజాం జిల్లా, తర్వాత విశాఖపట్నం, 1950 నుంచి శ్రీకాకుళం. జమీందారీ ఊరైతే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతి సెటిల్‌మెంట్ కాగితాలు, అంటే ఏ భూమి ఎవరి పేర పడిందో రాసినవి, చూడాలి.

నేనైతే ముందు ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి మామ్మ దగ్గరే కూర్చుంటాను. ఆమెకి ఎనభై దాటాయి. తాసిల్దారు ఆఫీసుకి ఆ తర్వాత వెళ్ళొచ్చు.